ల్యాబ్‌లో రేడియోధార్మిక సోర్సు కనబడకపోతే ఎలా వెతకాలి

ఫిజిక్స్ ల్యాబ్‌లో జీఎం కౌంటర్ (రేడియేషన్‌ను లెక్కించే గైగర్-ముల్లర్ పరికరం) ప్రయోగానికి వాడే సోర్సు, అంటే రేడియోధార్మిక పదార్థం ఉన్న వస్తువు, పాత రూపాయి నాణెమంత ప్లాస్టిక్ బిళ్ల. లెక్కలో ఒకటి తగ్గిందనగానే గది సర్దడం మొదలెట్టకండి, సర్దితే ఆనవాళ్లు పోతాయి. ముందు ఊడ్చడం ఆపించండి. ఆ పూట చెత్తబుట్ట, అమ్మడానికి కట్టిన పాత సామాను గేటు దాటకూడదు. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఒక మనిషి ప్రాణం పోయింది విశ్వవిద్యాలయం నుంచి తుక్కుకి వెళ్లిన కోబాల్ట్-60 వల్లే. అది చాలా పెద్ద సోర్సు, ల్యాబ్ బిళ్లతో పోల్చలేం. కానీ దారి మాత్రం అదే.

కౌంటర్ పట్టుకునే ముందు రిజిస్టర్ తెరవండి. ఐసోటోపు (బిళ్లలో ఉన్న రేడియోధార్మిక పదార్థం ఏ రకమో), కొన్న తేదీ, అప్పటి బలం చూసి ఇప్పటి బలం లెక్కగట్టండి. కోబాల్ట్-60 అర్ధాయువు (బలం సగానికి తగ్గే కాలం) 5.27 ఏళ్లు, అంటే 20 ఏళ్ల బిళ్లలో పద్నాలుగో వంతే మిగులుతుంది. సీజియం-137 అయితే 30 ఏళ్లకు సగం ఉంటుంది.

ఎక్కువమంది తప్పేది దూరం దగ్గర. 5 మైక్రోక్యూరీల (సోర్సు బలానికి కొలత) సీజియం నుంచి 10 సెం.మీ. దూరంలో గంటకు సుమారు 1.6 మైక్రోసీవర్టుల (ఒంటికి తగిలే మోతాదుకు కొలత) రేడియేషన్ వస్తుంది. మీటరు దూరంలో అందులో నూరో వంతే, అది బ్యాక్‌గ్రౌండ్‌లో, అంటే సోర్సు లేకపోయినా చుట్టూ ఎప్పుడూ ఉండే రేడియేషన్‌లో, కలిసిపోతుంది. అందుకే గది మధ్యలో నడుస్తూ చూస్తే ఏమీ దొరకదు. బల్లలు, సొరుగులు, సింకు కింద, యాప్రాన్ జేబులు అన్నీ 10 సెం.మీ. దగ్గరగా, నెమ్మదిగా వెతకాలి. థాలియం-204 లాంటి బీటా సోర్సు (అంతగా చొచ్చుకుపోని కణాలను వదిలేది) రేడియేషన్‌ను మూసిన చెక్క సొరుగైనా, బీరువా రేకైనా ఆపేస్తుంది. దానికోసం ప్రతిదీ తెరవాలి, కౌంటర్ ట్యూబు మూత తీయాలి. ముందున్న మైకా పొరకు వేలు తగిలితే ట్యూబు పోయినట్టే.

బ్యాక్‌గ్రౌండ్‌ను 100 సెకన్ల చొప్పున ఐదుసార్లు తీసి సగటు వేయండి. లెక్క ఎప్పుడూ కొంత అటూఇటూ ఊగుతుంది, ఆ ఊగు సగటు వర్గమూలమంత. సగటు 60 వస్తే వర్గమూలం సుమారు 8, దానికి మూడు రెట్లు 24, కలిపితే 84. అనుమానమున్న చోట మళ్లీ 100 సెకన్లు లెక్కిస్తే 84 దాటిందా, అక్కడ ఆగండి. అయితే మన జిల్లాల్లో ఒక చిక్కుంది. గ్రానైట్ బల్లే రీడింగ్ పెంచొచ్చు. చీమకుర్తి నల్లరాయి అంతగా పెంచదు, ఎరుపు, బూడిద రంగు రాళ్లు పెంచుతాయి. గూడూరు మైకా గనుల నుంచి తెచ్చిన నమూనాల్లో సమర్‌స్కైట్ అనే రేడియోధార్మిక ఖనిజం ఉంటే కౌంటర్ గట్టిగానే మోగుతుంది. బ్యాక్‌గ్రౌండ్ గదికొకటి కాదు, బల్లకొకటి తీయండి.

దొరికితే చేత్తో తీయొద్దు. పొడుగాటి పటకారుతో పట్టి సీసం డబ్బాలో పెట్టండి. బిళ్ల పగిలి ఉంటే కదిలించకుండా గది మూసేయండి. పగుల్లేకపోయినా, అది పడి ఉన్న చోటును గ్లవ్స్ వేసుకుని ఫిల్టర్ పేపర్‌తో తుడిచి ఆ కాగితాన్ని విడిగా లెక్కించాలి. రీడింగ్ వస్తే అక్కడ పొడి రాలినట్టే.

పోయిందని ఖాయమైతే, వెతుకులాట ముగిసేదాకా ఆగకుండా రేడియేషన్ భద్రతాధికారికి, ఆయన ద్వారా ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలికి, స్థానిక పోలీసులకు చెప్పాలి. ఐసోటోపు, బలం, చివరిసారి చూసిన రోజు, బిళ్ల ఫోటో ఒకే కాగితం మీద సిద్ధంగా ఉంచండి. దగ్గర్లోని పాత ఇనుము కొట్లకు ఆ ఫోటో అదే రోజు చేరాలి.