వానలు పడకముందే పికప్ కింది బాడీ చూసుకోండి

వానాకాలం వస్తోందంటే విశాఖలో పికప్‌లు, లారీలు ఉన్నవాళ్లు టైర్లు, బ్రేకులు, వైపర్లు చూపించుకుంటారు. డోర్ల కింద పెయింట్‌ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. మన ఊళ్లో బాడీ పాడవడం చాలావరకు అక్కడే మొదలవుతుంది. కంకర రాయి తగిలి పెయింట్ చిన్న పెచ్చు లేస్తుంది. ఇక్కడి గాలిలోనే ఉప్పు ఉంది కాబట్టి, దానికి వాన తడి తోడైతే రేకు తుప్పు పట్టడానికి ఎన్నాళ్లో పట్టదు. పైకి కనిపించేది చిన్న మచ్చే. గీకి చూస్తే పెయింట్ కింద తుప్పు రూపాయి బిళ్లంత మేర పాకి ఉంటుంది.

అందుకే ఈ పని మే నెలలోనే పెట్టుకోండి. జూన్‌లో వానలు మొదలయ్యాక గాలిలో తేమ పెరిగి, వేసిన పెయింట్ తెల్లగా మసకబారుతుంది.

ముందు బండి కింది భాగమంతా కడిగించి, పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ముందు టైరు వెనక కింద కూర్చుని, డోర్ అంచు మీద, దాని కింద ఫుట్‌బోర్డ్ పట్టీ మీద వేళ్లతో మెల్లగా తడమండి. కంటికి కనపడని పెచ్చులు కూడా వేలికి గరుకుగా తగులుతాయి. వెనక చక్రం ముందుండే మడ్‌గార్డ్ అంచునూ అలాగే చూడండి, ముందు టైరు విసిరిన రాళ్లు ఎక్కువగా తగిలేది అక్కడే. దొరికిన ప్రతి చోటా మార్కర్‌తో చిన్న గుర్తు పెట్టుకుంటే తర్వాత ఏదీ మరిచిపోరు.

పెచ్చు లేచిన చోట ఎమరీ పేపర్‌తో తుప్పు పోయి మెరిసే రేకు కనిపించేదాకా రుద్దాలి. థిన్నర్ గుడ్డతో తుడిచి ఎపాక్సీ ప్రైమర్, అది ఆరాక కలర్, ఆపైన క్లియర్ కోట్ వేయాలి. ఆటోనగర్‌లో పని తొందరలో "పైన కొట్టేస్తే సరిపోద్ది సార్" అంటారు, ఒప్పుకోకండి. తుప్పు మీద లప్పం పెట్టినా, కోటింగ్ కొట్టినా తడి లోపలే ఉండిపోతుంది. ఏమీ వేయకుండా వదిలేసిన దానికన్నా అది ప్రమాదం, ఎందుకంటే రేకు చిల్లు పడేదాకా బయటికి తెలియదు.

ఇక రాయి దెబ్బకు అడ్డం ఏం పెట్టాలి? సిరామిక్ కోటింగ్ చేయిస్తే రాళ్ల భయం ఉండదని చాలామంది అనుకుంటారు. దాని మందం కొద్ది మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మెరుపుకు, నీళ్లు జారడానికి బాగుంటుంది గానీ కంకర దెబ్బను ఆపలేదు. పెయింట్ మీద అతికించే పారదర్శక పొర, అంటే పీపీఎఫ్ ఫిల్మ్, 150 నుంచి 200 మైక్రాన్ల దాకా ఉంటుంది, సాగే గుణం వల్ల దెబ్బను తనే తీసుకుంటుంది. బండంతా వేయించనక్కర్లేదు. ముందు టైరు వెనక అడుగు వెడల్పున, వెనక మడ్‌గార్డ్ ముందంచున వేయించినా చాలా మేలు. పెద్ద భాగానికి కొత్తగా పెయింట్ వేయిస్తే, ఫిల్మ్‌కి ముందు దాదాపు నెల ఆగాలి. చవక ప్లాస్టిక్ షీట్ల జోలికి వెళ్లకండి. మన ఎండకు పసుపు పచ్చబడి పెళుసెక్కి, తీసేటప్పుడు జిగురు వదలదు.

సరుకు తోలే బండికైతే ఫిల్మ్ కన్నా గరుకుగా ఉండే రబ్బరు స్టోన్ గార్డ్ కోటింగే నేను మంచిదంటాను. ఖర్చు తక్కువ, దెబ్బలకు ఓర్చుకుంటుంది. పైన బాడీ రంగు వేసుకునే రకాలూ దొరుకుతాయి. కొట్టేటప్పుడు పక్కనే ఉండండి. సైలెన్సర్, బ్రేకులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద పడకూడదు. డోర్ల అడుగున నీళ్లు పోయే సన్నటి కన్నాలుంటాయి, అవి మూసుకుపోతే డోర్ లోపలి నుంచే కుళ్లిపోతుంది. పని అయ్యాక సన్నటి ప్లాస్టిక్ పుల్లతో ఒక్కో కన్నం పొడిచి చూడండి. కాలిన ఇంజినాయిల్ పూసే అలవాటు మాత్రం మానేయండి, రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి.

అన్నిటికన్నా చవకైనది టైరు వెనక వేలాడే మడ్‌ఫ్లాప్. చాలా పికప్‌లకు వెనకే ఉంటాయి, డోర్ల కింది భాగాన్ని కాపాడేవి ముందు టైర్ల ఫ్లాప్‌లు. టైరు వెడల్పంతా కప్పాలి, కింది అంచు నేలకు జానెడు ఎత్తులో ఉండాలి. మరీ కిందికుంటే రివర్స్‌లో టైరు కింద పడి ఊడిపోతాయి. మడ్‌గార్డ్ దాటి బయటికొచ్చే వెడల్పు టైర్లు వేస్తే ఏ ఫ్లాపూ ఆపలేదు.

వానకు తారులోకి నీళ్లు దిగి కంకర లేస్తుంది, గుంతల్లో పోసిన కంకర రోడ్డంతా చిమ్ముతుంది. అలాంటిచోట వేగం తగ్గించండి. 40లో వెళ్లేటప్పటికన్నా 60లో రాయి దెబ్బ రెండింతల పైనే ఉంటుంది. ఆనందపురం–అనకాపల్లి హైవే మీద కంకర టిప్పర్ వెనక పడితే వెనక్కి తగ్గండి. అరకు, పాడేరు ఘాట్‌ల మీద వానకు జారిపడిన రాళ్లుంటాయి. దిగాక టైరు గాడుల్లో, జంట చక్రాల మధ్య ఇరుక్కున్న రాళ్లు తప్పకుండా తీసేయండి.

హార్బర్ నుంచి చేపలు తోలేవాళ్లకు ఇంకో బెడద ఉంది. ఐసు కరిగిన ఉప్పునీళ్లు తొట్టి సందుల్లోంచి కారి వెనక అంచుల మీద ఆరిపోతాయి. లోడు దించిన రోజే కడగాలి. తీరం దగ్గర కొన్ని బోర్లలో నీళ్లే ఉప్పగా ఉంటాయి కాబట్టి చివరి కడుగు కుళాయి నీళ్లతో చేయండి. వాటర్ వాష్‌లో ప్రెజర్ గన్ అడుగు దూరంలో పట్టమనండి, దగ్గరికి తెస్తే లేచిన పెచ్చు అంచులు ఇంకా ఊడతాయి.

ఇక్కడ అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. హుద్‌హుద్ తీరం దాటింది 2014 అక్టోబరు 12న. దసరాకి ఆయుధ పూజ కోసం ఎలాగూ బండి కడుగుతాం కాబట్టి, అప్పుడు కూడా ఓసారి కింది అంచులు తడిమి చూడండి. ఈ మధ్యలో కొత్త పెచ్చు కనిపిస్తే ఎండ కోసం చూస్తూ వదిలేయకండి. గుడ్డతో తుడిచి, బాగా ఆరబెట్టి, రంగులేని నెయిల్ పాలిష్ చుక్క వేయండి. సరైన టచప్ చేయించేదాకా తడి లోపలికి పోకుండా కాస్తుంది.