మెయిన్ డోర్‌కి కోటింగ్ లేని ఇత్తడి సామాను ఎలా చూసి కొనాలి, ఎలా మెరుగు పెట్టాలి

షాపులో తళతళలాడే ఇత్తడి హ్యాండిల్స్‌లో చాలావాటికి పైన లక్కర్ కోటింగ్ (వార్నిష్ లాంటి పల్చటి పారదర్శక పొర) ఉంటుంది, కొత్తలో బాగానే ఉంటుంది గానీ ఎండ పడే గుమ్మమైతే కొన్నాళ్ళకి ఆ పొర లేచిపోయి ఊడిన చోట నల్లగా, ఊడని చోట పసుపుగా తయారవుతుంది. మా ఇంటి హ్యాండిల్‌కి ఇదే జరిగింది, ఎంత తోమినా పొర కింద మరక పోలేదు. అందుకే కోటింగ్ లేనిదే అడగండి.

కొనడానికి వెళ్ళేటప్పుడు ఒక అయస్కాంతం, చిన్న డబ్బాలో నానేసిన చింతపండు పట్టుకెళ్ళండి. అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుమే. అంటుకోలేదని నమ్మేయొద్దు, జింక్ పోత సామానుకీ అంటుకోదు, కాబట్టి వెనకవైపు స్క్రూ బెజ్జం దగ్గర గీకి చూపించమనండి, లోపల తెల్లగా ఉంటే పైపూత, పసుపుగా ఉంటే ఇత్తడి. తర్వాత కాస్త నల్లబడిన పీస్ తీసుకుని చింతపండుతో ఒక నిమిషం రుద్ది తుడవండి, రంగు తేరితే కోటింగ్ లేనట్టే. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ షాపులు బోలెడు, పాతకాలపు గొళ్ళేలు కావాలంటే తమిళనాడులోని కారైకుడి వెళ్ళొచ్చు.

ఆల్రెడీ కోటింగ్ ఉన్నది కొనేసుంటే వంటకి వాడని గిన్నెలో వంటసోడా వేసిన నీళ్ళలో ఒక పావుగంట మరిగించండి, పొర మెత్తబడి ఊడొస్తుంది, మిగిలింది ఆరుబయట అసిటోన్‌తో తుడవాలి, పొయ్యి దగ్గర మాత్రం వద్దు. ఆ తర్వాత 400, 800, 1200 నంబర్ల వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) వరసగా ఒకే దిక్కుగా రుద్ది, చివర్లో బ్రాసో అనే మెటల్ పాలిష్ పెట్టాలి. చింతపండు, ఉప్పు కూడా పనిచేస్తాయి గానీ ఎక్కువసేపు ఉంచితే పులుపుకి జింక్ పోయి గులాబీ రంగు తేలుతుంది, వెంటనే కడిగి తడి లేకుండా ఆరబెట్టాలి.

బిగించేటప్పుడు కార్పెంటర్ పక్కనే ఉండండి. ఇత్తడి స్క్రూ మెత్తన, టేకులో బెజ్జం పెట్టకుండా తిప్పితే తల తెగిపోద్ది, ముందు బెజ్జం పెట్టి, అదే సైజు స్టీల్ స్క్రూ ఎక్కించి తీసేసి, ఇత్తడి స్క్రూకి కాస్త సబ్బు రాసి బిగించమనండి. తలుపు పాలిష్ అయ్యాకే సామాను ఎక్కించాలి.

వైజాగ్ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్ళో చిలుము త్వరగా పడుతుంది, అప్పుడప్పుడు పల్చగా మైనం రాసి గుడ్డతో రుద్దండి. మళ్ళీ బ్రాసో పెడితే చుట్టూ టేప్ వేయండి, లేదంటే చెక్క గీతల్లో తెల్లగా ఉండిపోతుంది. మా హ్యాండిల్ ఇప్పుడు ముదురు తేనె రంగుకొచ్చింది, బొటనవేలు ఆనే చోట మాత్రం బంగారంలా ఉంది, దాన్ని ఎవర్నీ తోమనివ్వట్లేదు.