కండెన్సింగ్ ఫర్నేస్‌కి పొగ పైపు, నీటి పైపు ఎలా వేయాలి

కండెన్సింగ్ ఫర్నేస్ (గ్యాస్ కాల్చి ఇంటిని వెచ్చబెట్టే యంత్రం) బిగించేటప్పుడు పైపు మీద రంపం పెట్టకముందే నేను ఒకటి తేల్చుకుంటాను: నీళ్ళు ఎటు పోవాలి? పొగ సంగతి ఆ తర్వాతే. 90 శాతం దాటిన సామర్థ్యం ఉన్న ఫర్నేస్ పొగలోని ఆవిరిని కూడా చల్లబరిచి అందులోని వేడిని గుంజుకుంటుంది. లక్ష బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) గ్యాస్ కాలితే ఒక గాలన్ దాకా నీళ్ళు రావచ్చు. కొంత ఆవిరి పొగ పైపులోకి వెళ్ళాక నీరవుతుంది. అంటే ఆ పైపులో పొగ బయటికి, నీళ్ళు లోపలికి నడుస్తుంటాయి. పని మొత్తం ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటుంది.

గ్యాస్ లైను కలపడం, మొదటిసారి వెలిగించి పొగ కొలవడం లైసెన్సు ఉన్నవాళ్ళ పని. పర్మిట్ లేకుండా మొదలుపెట్టకండి. పొగలో ఉండగల విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు.

ఫర్నేస్‌తో వచ్చిన పుస్తకంలో పైపు లావు, పొడవుల పట్టిక ఉంటుంది. ఒక్కో ఎల్బోని (పైపుని మలుపు తిప్పే ముక్క) కొన్ని అడుగుల పైపుగా లెక్కేస్తారు కాబట్టి వంపులు ఎంత తగ్గిస్తే అంత మంచిది. వంపు తప్పనిచోట మెల్లగా తిరిగే పొడుగు ఎల్బో వాడండి. ఏ రకం పైపు వాడాలో కూడా అదే పుస్తకం చెబుతుంది. చాలా కంపెనీలు షెడ్యూల్ 40 పీవీసీని (మందం గోడలున్న ప్లాస్టిక్ పైపు) ఒప్పుకుంటాయి. కెనడాలో మాత్రం ఎస్636 (పొగ పైపులకున్న ప్రమాణం) గుర్తున్న పైపే వేయాలి, ఫిట్టింగులూ గమ్మూ కూడా అదే తయారీదారువి కావాలి.

ఇక వాలు. అడుగుకి పావు అంగుళం చొప్పున పైపు ఫర్నేస్ వైపుకి దిగాలి. పన్నెండు అడుగుల పైపైతే గోడ దగ్గరి కొస మూడు అంగుళాలు ఎత్తులో ఉంటుంది. గోడకి కన్నం పెట్టాక ఈ లెక్క గుర్తొస్తే లాభం లేదు. అందుకే నేను ముందు దారం కట్టి, రసమట్టం పెట్టి, క్లాంపులు వచ్చే చోట్లన్నీ గుర్తులు పెట్టుకుంటాను. క్లాంపుకీ క్లాంపుకీ ఎంత దూరమో పుస్తకం చెబుతుంది, దాన్ని సాగదీయకండి. నడుమ జారిన పైపులో నీళ్ళు నిలిచి పొగకి దారి మూసుకుపోతుంది. అప్పుడు పొగ సరిగా పోతోందో లేదో కనిపెట్టే ప్రెజర్ స్విచ్ ఫర్నేస్‌ని ఆపేస్తుంది. స్విచ్ పాడైందనుకుని కొత్తది వేయించుకున్న ఇళ్ళు చాలా చూశాను. నాలుగు రోజులకి మళ్ళీ అదే గొడవ, ఎందుకంటే జబ్బు ఉన్నది పైపులో.

పైపుని వంకర లేకుండా అడ్డంగా కోసి, లోపలి అంచుకున్న పొట్టు గీకేసి తుడవండి. ఆ పొట్టే తర్వాత ట్రాపులో (నీళ్ళు నిలిచి గాలిని ఆపే వంపు) ఇరుక్కుంటుంది. గమ్ లేకుండా మొత్తం ఒకసారి అమర్చి చూసుకుని, పెన్నుతో గుర్తులు పెట్టి విప్పండి. తర్వాత రెండు వైపులా ప్రైమర్ (గమ్ బాగా పట్టేలా ముందు రాసే ద్రవం), ఆపైన గమ్. పైపుని చివరికంటా తోసి, పావు చుట్టు తిప్పి, అర నిమిషం వదలకుండా పట్టుకోండి. వదిలేస్తే పైపు వెనక్కి జారుతుంది. ప్రైమర్ ఆవిరి అంటుకునే రకం కాబట్టి దగ్గర్లో మంట ఉండకూడదు.

బయట, గాలి తీసుకునే పైపు, పొగ వదిలే పైపు రెండూ ఒకే గోడకి రావాలి. వేర్వేరు గోడలకి పెడితే ఈదురుగాలి ఒకవైపు నెట్టి, ఇంకోవైపు లాగి మంటని చెడగొడుతుంది. మంచు పేరుకునే ఎత్తుకి కనీసం 12 అంగుళాలు పైన పెట్టండి. కిటికీలకీ గ్యాస్ మీటరుకీ పుస్తకంలో చెప్పినంత దూరం ఉంచండి, మనుషులు నడిచే దారి మీదికి పొగ వదలకండి. గదిలోంచే గాలి తీసుకోవచ్చని కొన్ని ఫర్నేస్‌ల పుస్తకాల్లో ఉంటుంది గానీ, నేను మాత్రం బయటి నుంచే తెస్తాను. బట్టలుతికే గదిలోని బ్లీచ్ ఆవిరి, పొగలోని వేడిని ఇంటి గాలికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్‌ని తినేస్తుంది.

నీటి పైపు చిన్నదే, చాలామంది తొందరపడేదీ అక్కడే. లోపలి ఫ్యాన్ పొగని లాగుతూ ఉంటుంది కాబట్టి ట్రాపులో నీళ్ళు లేకపోతే డ్రెయిన్ నుంచి గాలి పైకొచ్చి, దిగాల్సిన నీళ్ళని ఆపేస్తుంది. అందుకే వెలిగించే ముందు ట్రాపుని నీళ్ళతో నింపాలి. ఫర్నేస్‌తో ట్రాప్ వచ్చాక, కింద ఇంకోటి పెట్టకండి. రెండింటి మధ్య గాలి చిక్కుకుంటే చుక్క కూడా దిగదు. ట్రాప్ దాటాక ఒక టీ (మూడు నోళ్ళున్న T ఆకారపు ముక్క) వేసి, దాని పై నోరు తెరిచి ఉంచండి.

ఈ నీళ్ళు పుల్లటివి, పీహెచ్ 3 నుంచి 5 మధ్య ఉంటుంది. రాగి, ఇనుప పైపులు వాడితే తినేస్తుంది. ప్లాస్టిక్ పైపే వేసి, మధ్యలో పులుపుని తగ్గించే, సున్నపురాయి ముక్కలున్న న్యూట్రలైజర్ పెట్టండి. రాళ్ళు కరుగుతుంటాయి కాబట్టి ఏటా చలికాలానికి ముందు చూసి నింపాలి. పైపు కొసని డ్రెయిన్‌లో మూసి బిగించకుండా, పైన కాస్త ఖాళీ వదలండి. నీళ్ళని ఆరుబయటికి వదిలితే గడ్డకట్టి ఫర్నేస్ ఆగిపోతుంది. డ్రెయిన్ ఎత్తులో ఉంటే పంపు తప్పదు. పంపు పొంగినప్పుడు ఫర్నేస్ ఆగేలా దాని సేఫ్టీ స్విచ్ వైరుని తప్పకుండా కలపండి.

వెలిగించాక ఇరవై నిమిషాలు నడవనిచ్చి, పొగ పైపు అతుకులన్నిటికీ సబ్బు నీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. వేడెక్కాక వాలు మళ్ళీ కొలవండి.

పాత ఫర్నేస్, వాటర్ హీటర్ ఒకే చిమ్నీ వాడుకుని ఉంటే పని ఇంకా అయిపోలేదు. ఇప్పుడు హీటర్ ఒక్కటే మిగిలింది, దానికి ఆ చిమ్నీ మరీ పెద్దది, పొగ సరిగా పైకెక్కకపోవచ్చు. తలుపులు, కిటికీలు మూసి, ఇంట్లోని ఎగ్జాస్ట్ ఫ్యాన్లన్నీ వేసి, హీటర్‌ని అయిదు నిమిషాలు మండనిచ్చాక దాని హుడ్ (పొగ పైపు మొదట్లో ఉండే తెరిచిన మూత) దగ్గర అగరుబత్తి పట్టండి. పొగ లోపలికి పోవాలి. గదిలోకి తిరిగొస్తుంటే హీటర్ ఆపేసి, చిమ్నీలో సరిపడా లైనర్ (లోపల దింపే సన్నని గొట్టం) వేయించేదాకా వెలిగించకండి.