దోర్నాల నుంచి వెనక్కి లెక్కపెట్టండి: కర్నూలు నుంచి శ్రీశైలానికి సైకిల్ మీద

కర్నూలు నుంచి శ్రీశైలం సుమారు 170-180 కిలోమీటర్లు. సైకిల్ మీద మూడు రోజులు పెట్టుకోండి. రెండు రోజుల్లో పోవచ్చని చెప్పే కుర్రాళ్ళున్నారు, ఉండనీండి. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని, వయసు 46, ఎడమ మోకాలు కాస్త మొండిది. ఇప్పటికి మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ మా తమ్ముడితోనే. మొదటిసారి లెక్క తప్పాను. ముందు ఆ సంగతి చెప్తాను.

గంటకు 15 కిలోమీటర్లు పోయే మనిషికి 100 కిలోమీటర్లకు ఎంతసేపు పడుతుంది? ఏడు గంటలకు కొంచెం తక్కువ. ఆరో తరగతి లెక్క. ఆత్మకూరులో పొద్దెక్కాక బయల్దేరినా సాయంత్రం దీపాల వేళకు శ్రీశైలంలో ఉంటామని అట్లాగే వేశాను. దోర్నాల చేరేసరికి మధ్యాహ్నం మూడున్నర. ఇంకా 50 కిలోమీటర్లు, అదంతా ఘాట్. చెక్‌పోస్టు రాత్రి 9కి గదా మూసేది అనుకుని ఎక్కేశాం. ఎక్కుడులో నా వేగం గంటకు ఏడు కూడా లేదు. తుమ్మలబైలు దాకా పోకముందే చీకటి పడింది. వెనక నుంచి వచ్చిన కూరగాయల మినీ లారీ ఆగింది. డ్రైవర్ తల బయటపెట్టి, "ఏందమ్మా, పులికి సద్ది తీసుకపోతాండారా?" అన్నాడు. సిగ్గు విడిచి సైకిళ్ళు వంకాయ బస్తాల మీదికి ఎక్కించాం.

దోర్నాల-శ్రీశైలం ఘాట్‌లో రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు బండ్లు వదలరు. ఆ 9 బండ్లకు. సైకిలుకు మీరు సాయంత్రం 5 అనుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. చేతిలో రెండు గంటలు ఉంచుకుని శ్రీశైలం మూడింటికల్లా చేరాలి. అంటే దోర్నాలలో పొద్దున ఆరుకే ఎక్కాలి. అంటే ముందు రాత్రి దోర్నాలలోనే పడుకోవాలి. అంటే రెండో రోజు ఆత్మకూరు నుంచి దోర్నాల వరకే, సుమారు 50 కిలోమీటర్లు. మొదటి రోజు కర్నూలు నుంచి ఆత్మకూరు, 70 దాకా. చదును గనక ఆ రోజే ఎక్కువ దూరం.

నెల విషయం. కార్తీకం అయిపోయినాక నవంబరు చివరి నుంచి జనవరి దాకా బాగుంటుంది. శివరాత్రి వారంలో వద్దే వద్దు, రోడ్డు నిండా బండ్లు, గదులు దొరకవు. ఉగాదికి కన్నడ భక్తులు వేలమంది కాలినడకన వస్తారు, చూడముచ్చటే, కానీ అప్పటికి మన ఎండ సంగతి మీకు తెలుసు.

సైకిల్ ఖరీదైనదే కావాలని లేదు. నాది గేర్ల సైకిల్, మా తమ్ముడిది పాత నల్ల సైకిల్. ఎక్కుడులో వాడు దిగి నెట్టుకుంటూ వస్తాడు, పెద్ద తేడా లేదు, అరగంట తేడా. గేర్లుంటే ఎక్కుడు మొదలవక ముందే ముందర చిన్న పళ్ళచక్రం, వెనక పెద్ద పళ్ళచక్రం మీదికి చెయిన్ మార్చుకోండి. బరువు పడ్డాక మారిస్తే చెయిన్ జారుతుంది. బ్రేకు రబ్బర్లు మాత్రం కొత్తవి వేయించండి, ఇక్కడ పిసినారితనం వద్దు. ఆడవాళ్ళకు ఒక మాట: చున్నీ ఇంట్లో పెట్టి రండి. గార్గేయపురం చెరువు దాటకముందే నాది చెయిన్‌లో చుట్టుకుని సగం చిరిగింది.

పంచర్ల గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మన సీమలో టైరుకు శత్రువు రాయి కాదు, పల్లేరుకాయ. రోడ్డు పక్క మట్టిలో సైకిల్ దింపి చెట్టుకింద కూర్చుంటాం చూడండి, అక్కడే దిగుతుంది. నీడలో ఆగినా సైకిల్‌ను తారు అంచునే స్టాండు వేయండి. బయల్దేరే ముందు చక్రం తిప్పుతూ టైరు కళ్ళతో చూడండి. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపల చేత్తో మెల్లగా తడిమి ముల్లు మొన తీసేయాలి. నేను రెండోసారి అది చూడకుండా కొత్త ట్యూబు ఎక్కించాను, అరగంటలో అదీ పోయింది. ఒక్కొక్కరికి రెండు ట్యూబులు, ప్యాచీలు, సొల్యూషన్, చిన్న పంపు. మీ సైకిలుకు సన్న వాల్వు ఉంటే దానికి పట్టే పంపు మీరే తెచ్చుకోండి. ఊళ్ళలో పంచరు షాపుల్లో ఉండేది పాత రకం వాల్వుకు పట్టే పంపు.

మొదటి రోజు కేజీ రోడ్డు, అంటే కర్నూలు-గుంటూరు రోడ్డు. ఐదున్నరకు బయల్దేరితే 30 కిలోమీటర్ల దూరంలో నందికొట్కూరులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వేడివేడిగా దొరికే వేళ అవుతుంది. బజ్జీలు రెండుతో ఆపండి. ఆపకపోతే పాములపాడు దాకా మంట గొంతులోనే ఉంటుంది. ఆ తర్వాత చేలు, కాలువలు, ఎదురుగాలి. చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. ఆత్మకూరులో గది తీసుకుని సాయంత్రమే సామాను సర్దుకోండి: మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, నిమ్మకాయలు, ఉప్పు, చక్కెర, జొన్న రొట్టెలు, చెనిక్కాయల పొడి, బెల్లం. పలచటి జొన్న రొట్టె ఎండబెట్టింది రెండు రోజులు చెడదు. బిస్కెట్ల కంటే నాకదే ఆకలి ఆపుతుంది.

ఆత్మకూరు దాటి బైర్లూటి దగ్గర్నుంచి అసలు నల్లమల. వెదురు, టేకు, మద్ది, తునికి. 1983లో ఈ అడవిని టైగర్ రిజర్వుగా ప్రకటించారు. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. కాబట్టి తారు రోడ్డు వదిలి లోపలికి దిగవద్దు, ఫొటో కోసం కూడా. వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా పాత నడక దారి ఉంది. దగ్గర దారి కదా అని సైకిల్ మోసుకుని పోదామంటాడు మా తమ్ముడు ప్రతిసారీ. అది శివరాత్రికీ ఉగాదికీ గుంపులుగా నడిచేవాళ్ళ దారి. మిగతా రోజుల్లో అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు.

దారిలో రొళ్ళపెంట అన్న పేరు చూస్తారు. మా బడి పిల్లలకు ఈ పేరు చెప్తే ఒకటే నవ్వు. మైదానంలో పెంట అంటే ఎరువు దిబ్బ గానీ, నల్లమలలో చెంచుల నివాసం. సున్నిపెంట కూడా అట్లా వచ్చిందే. గూడేల్లోకి చెప్పకుండా పోయి ఫొటోలు తీయకండి. మీ వాకిట్లోకి ఎవరైనా కెమెరాతో వస్తే ఎట్లుంటుంది?

ఈ 50 కిలోమీటర్లలో చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు. ఇంట్లో ఆత్మకూరులోనే చెప్పండి, మళ్ళీ దోర్నాలలో చేస్తామని. లేకపోతే మా అమ్మ పడిన టెన్షనే మీవాళ్ళూ పడతారు. బాత్రూం పని ఆత్మకూరులోనే చూసుకోండి. తప్పనిసరి అయితే రోడ్డు అంచున, తోడొచ్చినవాళ్ళు కాపలా ఉండగా. చెట్ల లోపలికి వద్దు. ఎలుగుబంటి పులి కంటే తొందరగా కోప్పడుతుంది.

కోతుల సంగతి వేరే. వాటికి మనుషుల కంటే ప్లాస్టిక్ కవర్ చప్పుడు బాగా తెలుసు. బస్సుల్లోంచి భక్తులు అరటిపండ్లు విసిరి విసిరి అలవాటు చేశారు. తిండి గుడ్డ సంచిలో కట్టి, దాన్ని పెద్ద బ్యాగు అడుగున పెట్టండి. రిజర్వులో ప్లాస్టిక్ ఎట్లాగూ వద్దంటారు. కోతులు రోడ్డు మీద ఉంటే ఆగకుండా, వాటి కళ్ళలోకి చూడకుండా, అదే వేగంతో పోండి.

మూడో రోజు ఘాట్. ఏకంగా ఎక్కుడు కాదు, ఎక్కి దిగి మళ్ళీ ఎక్కాలి. అరగంట తొక్కి ఐదు నిమిషాలు ఆగడం నా పద్ధతి. ఆగేది మలుపులో కాదు, రెండు వైపులా రోడ్డు కనిపించే చోట. బస్సు హారన్ వినగానే ఎడమకు జరిగి, కావాలంటే దిగి నిలబడండి. ఘాట్‌లో పోయేటప్పుడు చెవుల్లో పాటలు పెట్టుకునేవాళ్ళతో నేను రాను.

శ్రీశైలానికి 8 కిలోమీటర్ల ముందు శిఖరేశ్వరం, సముద్రమట్టానికి 2,830 అడుగులు. నంది కొమ్ముల మధ్య నుంచి చూస్తే గుడి గోపురం కనబడుతుందని, చూసినవాళ్ళకు మరుజన్మ లేదని నమ్మకం. మా తమ్ముడు చూశాడు, మబ్బు తప్ప ఏమీ కనబడలేదన్నాడు. మీరు చూసినా చూడకపోయినా బ్రేకులు మాత్రం ఇక్కడ చూసుకోండి, ఇక అంతా దిగుడే. ఒకటే బ్రేకు అదిమి పట్టి ఉంచితే రిమ్ము కాలిపోతుంది. ముందుదీ వెనకదీ మార్చి మార్చి పట్టి వదలండి. హాటకేశ్వరం, సాక్షి గణపతి దగ్గర జనం అడ్డం వస్తారు, అక్కడికి ముందే వేగం తగ్గించండి. సాక్షి గణపతి దగ్గర దిగి దండం పెట్టుకోండి. మనం వచ్చినట్టు సాక్ష్యం చెప్పేది ఆయనే అంటారు. లారీలో వచ్చిన మొదటిసారి నేను మొహం చాటేశాను.

దేవస్థానం గది ముందే ఆన్‌లైన్లో తీసుకోండి. సైకిల్ గది లోపల పెట్టుకోనిస్తారా అని వాచ్‌మన్‌ను మర్యాదగా అడిగితే మాకెప్పుడూ కాదనలేదు.

తిరుగు ప్రయాణం తొక్కే ఓపిక లేకపోతే దోర్నాలకు దిగి, అక్కణ్ణుంచి 30 కిలోమీటర్ల పైచిలుకు మార్కాపురం రోడ్ స్టేషన్‌కు పోవచ్చు. అక్కడ నంద్యాల, డోన్ వైపు రైళ్ళు ఆగుతాయి. గిద్దలూరు దాటాక బొగద సొరంగం వస్తుంది, కిటికీ పక్క కూర్చోండి. ఏ రైల్లో సైకిల్ పార్సిల్ వేసుకుంటారో ముందు రోజే స్టేషన్‌లో అడిగి, గంటన్నర ముందు పోండి. అట్టముక్క మీద మీ పేరు, దిగే స్టేషన్ రాసి హ్యాండిల్‌కు గట్టిగా కట్టండి, పెడళ్ళు విప్పి సంచిలో వేసుకోండి. బెల్లు కూడా విప్పుకోండి. నాది పోయింది.