వానలకు ముందే తేల్చుకోండి: మెయిల్ సర్వర్ అప్‌గ్రేడ్ గిట్టుతుందా, చేస్తే ఏ జాగ్రత్తలు

అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక విడిభాగాల కంపెనీకి పదకొండేళ్లుగా నేనే మెయిల్ సర్వర్ చూస్తున్నాను. మా ఓనరుగారిది నెల్లూరు. ఏ కొటేషన్ పట్టుకెళ్లినా ఆయన అడిగేది ఒకటే: "ఉన్నది నడుస్తోంది కదయ్యా, ఇప్పుడేం కొంప మునిగిందని?" అది న్యాయమైన ప్రశ్న. జవాబు కాగితం మీద లెక్కగా చూపించాలి. ఆ లెక్క ఎలా వేయాలో, చేయాలని తేలితే ఏం చూసుకోవాలో చెన్నైలో ఇదే పనిలో ఉన్న మనవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు టైము సంగతి. చెన్నైకి అసలు వానాకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలల్లో మెయిల్ సర్వర్ మీద చెయ్యి వేయకండి. జూన్, జులైలో నిర్ణయం జరగాలి, సెప్టెంబరు చివరికల్లా పని అయిపోవాలి. ఇది నాకు 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నేర్పిన పాఠం. ఆ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, దాటేముందే చెన్నైని ముంచేసింది. మా సర్వర్ మొదటి అంతస్తులో ఉంది కాబట్టి భయం లేదనుకున్నాం. యూపీఎస్ బ్యాటరీలు మాత్రం బరువని కింద, మెట్ల పక్కన పెట్టించాం. నీళ్లు అక్కడ మోకాలి దాకా వచ్చాయి. సర్వర్ మీద చుక్క నీరు పడలేదు, అయినా మూడు రోజులు ఆగిపోయింది.

కరెంటు వచ్చాక మెయిల్స్ వరదలా వచ్చాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వారం తర్వాత తెలిసింది, ఇద్దరు కస్టమర్ల పర్చేజ్ ఆర్డర్లు మాకు రాలేదని. సంగతేంటంటే, మన సర్వర్ దొరకకపోతే పంపినవాళ్ల సర్వర్ మెయిల్‌ని క్యూలో పెట్టి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. 4-5 రోజులైనా ప్రయత్నించాలని ఇంటర్నెట్ మెయిల్ ప్రమాణం చెబుతుంది, పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా 5 రోజులే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్స్ఛేంజ్‌లో మాత్రం ఎవరూ మార్చకపోతే 2 రోజులే. ఆ తర్వాత బౌన్స్ అవుతుంది, అంటే చేరలేదని పంపినవాళ్లకే తిరిగి వస్తుంది. ఆ బౌన్స్ మెయిల్‌ని అవతలివాళ్లు చూసుకోకపోతే ఆర్డరు గాలికి పోయినట్టే. మీ యూపీఎస్ బ్యాటరీలు ఎక్కడున్నాయో ఈ రోజే వెళ్లి చూడండి. అప్‌గ్రేడ్ చేసినా చేయకపోయినా ఇది చేయాల్సిన పనే.

ఇక "నడుస్తోంది కదా" అన్న మాట దగ్గరికి వద్దాం. ఎక్స్ఛేంజ్ 2016, 2019 రెండింటికీ 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ముగిసింది. వాటి తర్వాతిది సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్, 2025 జులైలో వచ్చింది. సపోర్టు పోయిన సర్వర్ మరుసటి రోజు కూడా అలాగే నడుస్తుంది, ప్రమాదం అందులోనే ఉంది. 2021 మార్చిలో ఎక్స్ఛేంజ్‌లో ప్రాక్సీలాగన్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు మార్చి 2న ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వచ్చింది. ప్యాచ్ వేసినా, అప్పటికే లోపలికి వచ్చి వెబ్‌షెల్ (బయటినుంచి సర్వర్‌ను నడిపించే దొంగ ప్రోగ్రామ్) పెట్టి పోయినవాళ్ల దారి మూసుకోలేదు, దాన్ని విడిగా వెతికి తీయాల్సి వచ్చింది. అసలు ప్యాచే రాని సర్వర్ ఇంటర్నెట్‌కి ఎదురుగా ఉంటే పరిస్థితి ఏమిటో ఊహించుకోండి. ఓనరుకు చెప్పాల్సింది ఇది. కొత్త స్క్రీన్ ఎలా ఉంటుందో ఆయనకు అక్కర్లేదు.

లెక్క నేను ఇలా వేస్తాను. ముందు ఒక రోజు మెయిల్ ఆగితే ఎంత నష్టమో చూస్తాను. మెయిల్ మీదే పని నడిచేవాళ్లు 60 మంది, ఒక్కొక్కరి గంట ఖర్చు ₹250, అందులో సగం పనే ఆగిందని అనుకుందాం. గంటకు ₹7,500, ఎనిమిది గంటల రోజుకు ₹60,000. పని మొత్తం ఆగినట్టు లెక్క వేయకండి, ఫోన్లు, వాట్సాప్ ఉంటాయి కదా. పెంచి చూపిస్తే ఓనరు అక్కడే పట్టుకుంటారు, మిగతా కాగితం కూడా నమ్మరు.

తర్వాత అప్‌గ్రేడ్ వల్ల ఏడాదికి అదనంగా ఎంత అవుతుందో చూడండి. సర్వర్ ధర, లైసెన్సులు, చేసిపెట్టేవాళ్ల ఛార్జీ, అన్నీ కలిపి ఐదేళ్లకు పంచండి. మన కంపెనీల్లో చాలామంది మర్చిపోయేది కరెంటు. సర్వర్, స్టోరేజ్ కలిసి 500 వాట్లు లాగితే ఏడాదికి 4,380 యూనిట్లు. యూనిట్ ₹10 అనుకుంటే ₹43,800. ఏసీకి అందులో సగం వేసినా మొత్తం ₹65,700. ఇంకోటి, ఎక్స్ఛేంజ్ ఇకమీదట ఒకసారి కొని పదేళ్లు వాడుకునే వస్తువు కాదు, లైసెన్సుల మీద చెల్లింపు సాగుతూనే ఉంటుంది. ర్యామ్ కూడా చూసుకోండి. ఎక్స్ఛేంజ్ 2019 నుంచి మైక్రోసాఫ్ట్ చెప్పే కనీసం 128 జీబీ. పాత 2016 మెషిన్ మీద కొత్తది వేసేద్దామంటే కుదరదు.

ఇప్పుడు రెండింటినీ భాగించండి. అదనపు ఖర్చు ఏడాదికి ₹1,80,000, రోజు నష్టం ₹60,000 అయితే జవాబు మూడు. అంటే ఏడాదికి మూడు రోజుల ఆగుడును తప్పిస్తేనే ఈ పని గిట్టుతుంది. గత మూడేళ్ల రికార్డు తీయండి: ఎన్నిసార్లు, ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది. కారణం కరెంటు, నెట్ లైను అయితే కొత్త సర్వర్ దాన్ని తీర్చదు. రెండో లైనూ, మంచి యూపీఎస్ తీసుకుంటే తక్కువలో పోతుంది. మా 2023 ఆగుడును నేను అప్‌గ్రేడ్ ఖాతాలో రాయలేదు, రాస్తే అబద్ధం అయ్యేది.

"మెయిల్‌బాక్స్ ఫుల్ అయిందని జనం రోజూ డిలీట్ చేసుకుంటూ కూర్చుంటున్నారు, ఆ టైమంతా మిగులుతుంది" అని కొటేషన్లలో రాస్తారు. వారానికి పది నిమిషాల చొప్పున 40 మందికి, ఏడాదిలో 50 పని వారాలకు లెక్కగడితే ₹83,000 దాకా వస్తుంది. అంకె బాగానే ఉంటుంది గానీ అందులో ఒక్క రూపాయి కూడా బ్యాంకులో పడదు. నేనైతే దాన్ని లెక్కలో కలపను. కలపాల్సింది ఇంకోటి ఉంది. ఎవరో మన మెయిల్‌లో దూరి సప్లయర్ బ్యాంకు ఖాతా నంబరు మార్చి పంపిస్తే, ఒక్క పేమెంటుతో ఐదేళ్ల ఖర్చు పోతుంది. దీన్ని రోజుల లెక్కలో ఇరికించకుండా విడిగా, మీ కంపెనీ వేసే అతిపెద్ద పేమెంటు ఎంతో పక్కన రాసి చూపించండి.

ఈ లెక్క తర్వాత కొందరికి సొంత సర్వరే వద్దని తేలుతుంది. 50 మెయిల్‌బాక్సుల లోపు ఉండి, పూర్తి టైము అడ్మిన్ లేని చోట నేను క్లౌడే మంచిదంటాను. గూగుల్, మైక్రోసాఫ్ట్ ఉన్నాయి, మన ఊళ్లోనే పెరిగిన జోహో ఉంది. మెయిల్ మన ప్రాంగణంలోనే ఉండాలని కస్టమర్ ఒప్పందంలో ఉంటేనో, రోజూ పెద్ద పెద్ద డ్రాయింగులు లోపల్లోపలే తిరుగుతుంటేనో సొంతదానికి అర్థం ఉంది.

చేయాలని తేలితే, మొదటి జాగ్రత్త ఒక జాబితా. మనుషుల జాబితా కాదు, మెయిల్ పంపే యంత్రాల జాబితా. మా అకౌంట్స్ సెక్షన్‌లో గోడపక్కన పాత స్కానర్ ఒకటుంది. బిల్లు పెట్టి పచ్చ బటన్ నొక్కితే స్కాన్ మెయిల్‌కి వెళ్తుంది. సర్వర్ మార్చిన సోమవారం బటన్ నొక్కితే లోపలినుంచి కాగితం వచ్చింది, మెయిల్ మాత్రం రాలేదు. దానికి మెయిల్‌ను గుప్తంగా పంపే పాత పద్ధతి టీఎల్ఎస్ 1.0 మాత్రమే వచ్చు, కొత్త సర్వర్ దాన్ని ఒప్పుకోలేదు. బయోమెట్రిక్ అటెండెన్స్, సీసీటీవీ, యూపీఎస్ అలారం, ట్యాలీ నుంచి వెళ్లే ఇన్వాయిస్‌లు, వీటన్నిటినీ తిరిగి చూసి రాసుకోండి. యూపీఎస్ అలారం ముఖ్యం. అది మెయిల్ పంపడం మానేసిందని ఎవరికీ తెలియదు, తెలిసేది కరెంటు పోయాకే.

బ్యాకప్ ఉందంటే సరిపోదు. ఒక మెయిల్‌బాక్స్‌ను వేరే చోట రీస్టోర్ చేసి, ఆరు నెలల కిందటి ఒక అటాచ్‌మెంట్ తెరిచి చూడండి. తెరుచుకుంటేనే ముందుకు వెళ్లండి. పాత సర్వర్ శుభ్రంగా ఉందో, ఎవరైనా దూరి వెబ్‌షెల్ లాంటిది పెట్టి పోయారో కూడా అప్పుడే చూడండి.

బయటివాళ్లకు కనిపించే మెయిల్ సర్వర్ చిరునామా మారుతుంటే, ఎంఎక్స్ రికార్డు (మన మెయిల్ ఏ సర్వర్‌కు రావాలో చెప్పేది) టీటీఎల్‌ను, అంటే బయటివాళ్లు దాన్ని గుర్తుపెట్టుకునే సమయాన్ని, రెండు రోజుల ముందే 300 సెకన్లకు దించండి. ఎస్పీఎఫ్ రికార్డు (మన పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పేది) ఒకటే ఉండాలి. పాతదీ కొత్తదీ రెండూ ఉంచితే రెండూ చెల్లవు. కొత్త ఐపీకి రివర్స్ రికార్డు (ఆ ఐపీ ఏ పేరుదో చెప్పేది) మన చేతిలో ఉండదు, ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు పెట్టాలి. వారం ముందే అడగండి, లేకపోతే మన మెయిల్స్ స్పామ్‌లో పడతాయి, లేదా అసలు తీసుకోరు.

మెయిల్‌బాక్సులను కొత్తగా సృష్టించి పాత మెయిల్స్ దిగుమతి చేస్తే ఒక చిక్కు వస్తుంది. పాత మెయిల్‌కి రిప్లై కొడితే పక్క సీటాయనకు కూడా చేరక బౌన్స్ అవుతుంది. ఔట్‌లుక్ లోపల పాత అంతర్గత చిరునామాను గుర్తుపెట్టుకుంటుంది. ఆ చిరునామాను ఎక్స్500 అనే రకం అదనపు చిరునామాగా కొత్త మెయిల్‌బాక్స్‌కి చేర్చితే ఆ చిక్కు పోతుంది. ఇది ముందే చేయకపోతే సోమవారం ఉదయం ఫోన్లు ఆగవు.

రోజు ఎంచుకోవడంలో క్యాలెండర్ చూడండి. నెలలో 7న టీడీఎస్ కట్టడం, 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బి రిటర్నులు, నెలాఖరుకు జీతాలు. కాబట్టి 21కీ 27కీ మధ్య వచ్చే శనివారం రాత్రి. "పొంగల్‌కి నాలుగు రోజులు సెలవు కదా, అప్పుడు చేసేద్దాం" అని చాలామంది అంటారు. వద్దు. మనవాళ్లంతా సెంట్రల్‌లో రైలెక్కి ఊళ్లకు పోతారు, సపోర్టువాళ్లూ ఉండరు. ఏదైనా ఆగితే ఒంటరిగా మిగులుతారు.

సిబ్బందికి మూడు రోజుల ముందే నోటితో చెప్పండి, తెలుగులోనూ తమిళంలోనూ: "సర్వర్ మారుతోంది, మేం లింకు పంపం, పాస్‌వర్డ్ అడగం." సరిగ్గా ఆ వారమే "కొత్త సర్వర్ కోసం లాగిన్ అవ్వండి" అని దొంగ మెయిల్ రావచ్చు. బ్యాంకు ఖాతా మారిందని ఎవరు రాసినా పాత ఫోన్ నంబరుకు కాల్ చేసి అడగాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి.

పాత సర్వర్‌ను స్క్రాప్ అతనికి ఇచ్చే తొందర వద్దు. నెల రోజులు ఇంటర్నెట్‌కి తగలకుండా లోపల ఉంచండి, లాగ్‌లు (ఎప్పుడు ఏం జరిగిందో సర్వర్ రాసుకునే రికార్డులు) కాపీ చేసుకోండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు మన దగ్గర ఉండాలి. ఆ తర్వాత ఎక్స్ఛేంజ్‌ను పద్ధతిగా అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఊరికే స్విచ్ ఆపితే యాక్టివ్ డైరెక్టరీలో (కంపెనీ యూజర్లు, కంప్యూటర్ల జాబితా) దాని పేరు అలాగే ఉండిపోయి తర్వాతి పనికి అడ్డొస్తుంది. డిస్కులు విడిగా తీసి తుడిచాకే పెట్టెను బయటికి పంపండి.