ట్రాన్స్‌ఫర్ ఐ-20 ఆగిందా? స్కూల్ కోడ్‌లో చివరి 3 అంకెలు చూడండి

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద అమెరికాలోనే ఫీజు తక్కువున్న స్టేట్ యూనివర్సిటీకి మారడం నా పని. అడ్మిట్ వచ్చింది, పాత కాలేజీ "సెవిస్ పంపేశాం" అంది, అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలోని నా విద్యార్థి రికార్డు. కొత్తవాళ్లేమో "మాకు కనబడట్లేదు" అన్నారు. దాంతో ఐ-20, అంటే ఎఫ్-1 విద్యార్థికి కాలేజీ ఇచ్చే పత్రం, ఆగిపోయింది. బ్యాంక్ స్టేట్‌మెంట్ మళ్లీ పంపడం, అడ్మిషన్స్‌కి మెయిళ్లు, కన్సల్టెన్సీకి ఫోన్లు, అన్నీ దండగ.

పనిచేసింది ఇదీ. ముందు కొత్త యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు చేత సెవిస్ స్కూల్ కోడ్ మెయిల్‌లో రాయించుకున్నాను. 3 అక్షరాలు, 214ఎఫ్, ఆపైన 8 అంకెలు. చివరి 3 అంకెలు క్యాంపస్‌వి. యూనివర్సిటీ పేరు ఒకటే అయినా అవి మారొచ్చు. ఆ మెయిల్‌నే పాత కాలేజీ డీఎస్ఓకి (విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు చూసే అధికారి) పంపి, "మీరు ఎంచుకున్న కోడ్ ఒకసారి చదివి చెప్పండి" అని అడిగాను. 001 ఉండాల్సిన చోట 000 ఉంది! రద్దు చేసి సరైన క్యాంపస్‌కి పెట్టారు.

రిలీజ్ డేట్ (రికార్డు కొత్త కాలేజీ చేతికి వెళ్లే తేదీ) కూడా అప్పుడే మార్పించాను, ఫైనల్స్ అయిన మర్నాటికి. ఆ రోజుతో పాత క్యాంపస్ ఉద్యోగం ఆగిపోతుంది, ఓపీటీ (చదివిన రంగంలో తాత్కాలిక ఉద్యోగ అనుమతి) ఉన్నవాళ్లకి అదీ పోతుంది, కాబట్టి తొందరపడొద్దు. ఆ తేదీ వచ్చాకే కొత్త ఐ-20 ఇస్తారు. సెవిస్ నంబరు పాతదే, ఐ-901 అనే సెవిస్ ఫీజు మళ్లీ కట్టక్కర్లేదు.

రిలీజ్ డేట్ దాటలేదు గనక నాకు సులువుగా తేలింది. దాటితే రికార్డు పొరపాటున ఎంచిన క్యాంపస్ చేతిలో ఉంటుంది, వాళ్లని పట్టుకోవాలి. ఫీజు బకాయితో ఆగినవాళ్లకి ఈ చిట్కా పనికిరాదు.