గ్లో ఇంజను విమానం ఎగరేసే ముందు

వానలు తగ్గి, పొద్దుటి పూట గాలి నెమ్మదించే కార్తీక మాసం వచ్చిందంటే అటకల మీది నమూనా విమానాలు కిందికి దిగుతాయి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్చుకునే పిల్లలూ మైదానాలకు వస్తారు. బ్యాటరీ విమానాల సంగతి ఇక్కడ ఎత్తను. మిథనాల్ పోసి నడిపే గ్లో ఇంజన్ల గురించే చెబుతాను. కొత్తవాళ్లు విమానం కూలిపోతుందేమోనని బెంగపడతారు. ఖాళీ నేల మీద కూలితే పోయేది చెక్క, డబ్బు. నేను చూసినంతలో మనుషులకు దెబ్బలు తగిలింది ఎక్కువగా నేల మీదే, ఇంజను అందుకున్న మొదటి నిమిషంలో.

నా కుడిచేతి చూపుడు వేలి మీద పక్కపక్కనే మూడు గీతలున్నాయి. ఇంజను అందుకోగానే, ప్లగ్‌ను వేడి చేసే క్లిప్పును తీయడానికి ప్రొపెల్లర్ ముందు నుంచి చేయి చాపాను. వేలు వెనక్కి లాక్కునేలోపే ప్రొపెల్లర్ రెక్క మూడు సార్లు తగిలింది. నొప్పి తర్వాత తెలిసింది, ముందు కనిపించింది రెక్క మీది రక్తమే. 6.5 సీసీ ఇంజనుకు బిగించే పది అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 11,000 సార్లు తిరిగితే దాని కొస గంటకు 500 కిలోమీటర్లకు పైగా వేగంతో కదులుతుంది. అప్పుడు రెక్క కంటికి కనబడదు, బూడిద రంగు పొరలా ఉంటుంది. మన కన్ను దాన్ని ఖాళీ అనుకుంటుంది.

అందుకే ఇంజనును వేలితో తిప్పవద్దు. రబ్బరు తొడిగిన కర్రతోనో ఎలక్ట్రిక్ స్టార్టర్‌తోనో తిప్పండి. స్టార్ట్ చేసేటప్పుడు థ్రాటిల్ బాగా తగ్గించి ఉండాలి, విమానాన్ని ఇంకొకరు వెనక నుంచి గట్టిగా పట్టుకోవాలి. ఇంజను అందుకున్నాక మీరు ప్రొపెల్లర్ వెనక్కి వెళ్లిన తర్వాతే క్లిప్పు తీయడం, నీడిల్ (ఇంధనం ఎంత వెళ్లాలో సర్దే మర) తిప్పడం. ప్రొపెల్లర్‌కు సరిగ్గా పక్కన ఎవరూ ఉండకూడదు, ఎందుకంటే విరిగిన ముక్క ఎగిరేది ఆ దిక్కుకే. ఫోనుతో వీడియో తీసేవాళ్లు ముందుకొచ్చి నిలబడుతుంటారు, వాళ్లను మొహమాటం లేకుండా వెనక్కి పంపండి. మెడలో వేలాడే ఐడీ కార్డు తాడు, చున్నీ, వదులు చేతుల చొక్కా పనికిరావు. ఇంజను ఆగనంటే ప్రొపెల్లర్ మీదికి గుడ్డ విసరకండి, వెనక నుంచి ఇంధనం గొట్టాన్ని నొక్కిపట్టండి. అంచు కాస్త చిట్లిన ప్రొపెల్లర్‌ను పారేయండి. అతికించి వాడవద్దు.

ఇక ఇంధనం. మిథనాల్‌లో కొంత నైట్రోమీథేన్, ఐదో వంతు దాకా నూనె కలిపి ఉంటాయి. ఆ నూనె చాలాసార్లు ఆముదమే. కాలిన ఆముదం వాసన ఇంటి వాసనలా ఉండి మనల్ని ఏమరుపాటులో పడేస్తుంది. డబ్బాలో ఉన్నది మాత్రం కల్తీ సారా తాగినవాళ్ల కళ్లు పోగొట్టే మిథనాల్. మంచినీళ్ల సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచకండి. గొట్టాన్ని నోటితో పీల్చకండి. చర్మం గుండా కూడా లోపలికి పోతుంది కాబట్టి చేతుల మీద పడితే వెంటనే సబ్బుతో కడగండి, కంట్లో పడితే పదిహేను నిమిషాలు నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎవరైనా మింగితే, చూడటానికి బాగానే ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. లక్షణాలు కొన్ని గంటల తర్వాత బయటపడతాయి, అప్పటికి ఆలస్యమవుతుంది.

ఇంకో చిక్కుంది. పగటి వెలుగులో మిథనాల్ మంట దాదాపు కనిపించదు. గాలి వణికినట్టు ఉంటుంది, చేతికి సెగ తగులుతుంది, అంతే. ఇంజను వేడిగా ఉండగా ట్యాంకు నింపకండి. ఎండు గడ్డి మీద అసలు వద్దు. డ్రై పౌడర్‌తో మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉంచండి. మిథనాల్ నీటిలో కలిసిపోతుంది కనుక దాని మంటకు బోలెడు నీళ్లు కూడా పనిచేస్తాయి, పెట్రోలు మంట మీద మాత్రం నీళ్లు పోయకూడదు. పెట్రోలు ఇంజనుకు గ్లో ఇంజను సిలికాన్ గొట్టం వేయకండి, అది పెట్రోలులో ఉబ్బి మెత్తబడి కారుతుంది.

వానాకాలమంతా పడి ఉన్న విమానంలో ప్రతి స్క్రూ, ప్రొపెల్లర్ నట్టు బిగించి చూడాలి. ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) స్టిక్‌ను కుడివైపు తిప్పితే కుడి రెక్క ఐలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) పైకి లేవాలి. నవ్వులాటగా అనిపించే ఈ పరీక్ష చేయక ఎన్నో విమానాలు కూలాయి. సిగ్నల్ పోతే థ్రాటిల్ దానంతటదే తగ్గేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, విమానాన్ని పట్టుకుని ట్రాన్స్‌మిటర్ ఆపి చూడండి. ఎగరేసే ముందు పూర్తి థ్రాటిల్‌లో ముక్కును ఆకాశం వైపు పది సెకన్లు ఎత్తి పట్టాలి. ఇంజను నీరసపడితే నీడిల్ కొద్దిగా తెరవండి.

చోటు విషయంలో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు (ఎక్కడ ఎగరేయవచ్చో రంగుల జోన్లలో చూపేది) చూడండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం హద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య ఆ పరిమితి 200 అడుగులే. ఉక్కు తీగలతో తిప్పే కంట్రోల్ లైన్ విమానమైతే కరెంటు తీగలు కనుచూపు మేరలో ఉన్న మైదానాన్నే వదిలేయండి, ఆ తీగ తగిలితే కరెంటు నేరుగా చేతికి వస్తుంది. సంక్రాంతి పతంగులు ఎగిరే రోజుల్లో ఊరి మైదానాల్లో ఎగరేయకండి. మాంజాతోపాటు ఆకాశం వైపు చూస్తూ పరుగెత్తే పిల్లలు కూడా ఉంటారు.

చివరి విమానం దిగాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజనులో మిగిలింది ఆగేదాకా కాల్చి, చల్లారాక నాలుగు చుక్కల నూనె వేసి చేత్తో తిప్పండి. లేకపోతే ఆముదం జిగురుగా గట్టిపడి ఇంజను పట్టేస్తుంది. మూత బిగించిన ఇంధనం డబ్బాను ఎండలో నిలిపిన కారులో వదిలి టీకి వెళ్లకండి.